దాచుట – దబ్బర

ఒక వస్తువును దాచుకొనుట దోషమా? దాచితినని ఒప్పుకొని, లోపల ఏమున్నదో చెప్పకుండుట ఒకటి. లేనిదానిని ఉన్నట్లు చూపుట వేరొకటి. మొదటిదానిని రహస్యమందురు, రెండవదానిని అసత్యమందురు. మాటలలో ఈ భేదము సులభముగనే కన్పట్టును. నిత్యవ్యవహారమున మాత్రము ఈ రెండును ఒకదానిలో నొకటి కలిసిపోయి, దాచువాడు ఏ క్షణమున దబ్బరకు దిగెనో అతనికే తెలియకుండును. నీతిగ్రంథములు ఈ విషయమును రాజుల, మంత్రుల ఉదాహరణములతో చర్చించుచు వచ్చినవి. అంతకంటె చిన్నదియు, చేతికి అందునదియు నగు ఉదాహరణ మొకటి కొయ్యపనిలో కలదు. తాళపుచెవి లేకుండ, నియమితమైన అంకెలు కూడినప్పుడు మాత్రమే తెరచుకొనునట్లు తరిమెన మీద తీర్చిన పెట్టెయే అది.

దాని నిర్మాణము తెలియనిదే ప్రశ్నయు తెలియదు. జానెడు పొడవు గల గుండ్రని కొయ్య గొట్టము. దాని నిలువున ఒక గాడి కోయబడి యుండును. ఆ గొట్టమునకు ఐదు కడియములు తొడిగి యుండును. ఒక్కొక్క కడియము చుట్టును సున్న మొదలు తొమ్మిది వరకు అంకెలు. ఈ పై గొట్టములో మరియొక గొట్టము ఇముడును. నగయో, పత్రమో, ఉత్తరమో ఉంచునది ఈ లోపలి గొట్టమునందే. దాని వీపున ఒకే వరుసలో ఐదు కొయ్య చీలలు. అవి గాడిలోనుండి పైకి పొడుచుకొని వచ్చి కడియముల లోపలి పల్లములలో నిలుచును. ప్రతి కడియపు లోగోడకు ఒక్క గాటు మాత్రము కలదు. ఐదు గాట్లును గాడి ఎదుటికి వచ్చినప్పుడు చీలలన్నిటికిని దారి దొరకి, లోపలి గొట్టము వెలికి జారును. నాలుగు సరిపడి ఒక్కటి తప్పినను అది కదలదు. ఇంతకు మించిన యంత్రమేమియు ఇందులో లేదు. ఇనుప ముక్క ఒక్కటియు అక్కరలేదు.

అంకెలతోనో అక్షరములతోనో తెరచు తాళము చాల పాతది. ఇస్ఫహాను నగరమునకు చెందిన ముహమ్మద్ ఇబ్న్ హామిద్ క్రీ. శ. 1200–01లో చేసిన పెట్టె, మూతపై నాలుగు తిరుగుడు బిళ్లలు గలది, కోపెన్‌హేగెన్ నగరమందలి డేవిడ్ సంగ్రహాలయమున నున్నది. 1206లో ముగిసిన అల్ జజరీ యంత్రగ్రంథమునందును పేటిక కమర్చు అట్టి తాళమొకటి వర్ణింపబడినది. అవి ధనికుల కొఱకు చేసిన లోహపు పనులు. కొయ్య కడియముల పెట్టె ఇంటి కార్ఖానాలలోనికి విరివిగా వచ్చినది మాత్రము 2003లో వెలువడిన ‘ది డావిన్సీ కోడ్’ అను ఆంగ్ల నవల తరువాతనే. అందు ‘క్రిప్టెక్స్’ అను పేర ఇట్టి గొట్టము కనబడును. దానిని లియొనార్డో డావిన్సీ కల్పించెనని కథలో చెప్పబడినది గాని, ఆ పేరు నవలాకారుని కల్పనయే. ఏది యేమైనను ఆ కథను చదివిన పాశ్చాత్య దేశపు తరిమెన పనివారు అనేకులు దానిని కొయ్యతో చేసి చూచిరి. కల్పిత వస్తువు నిజమైన వస్తువగుట చిత్రమే.

తెలుగువారికి ఈ తాళము క్రొత్తదైనను తరిమెన పని క్రొత్తది కాదు. వరాహనదీ తీరమందలి ఏటికొప్పాక గ్రామమున అంకుడు కొయ్యను తరిమెనకు ఎక్కించి, తిరుగుచున్న కొయ్యకే లక్కకడ్డీని ఒత్తి రంగు పట్టించుట తరతరములుగ సాగుచున్నది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. అచ్చటి కుంకుమ భరిణె మూతను ఎరిగినవారికి అంకెల పెట్టెలోని కష్టము సగము తెలిసినట్లే. మూత వదులైనచో కుంకుమ ఒలుకును. బిగిసినచో మూత తీయబోయిన చేయి విదిలించుకొని కుంకుమయంతయు చీరపై పడును. భరిణెకు ఇట్టి కూర్పు ఒక్కటి. అంకెల పెట్టెకు ఐదు కడియములు, రెండు గొట్టములు. ఒకదానితో నొకటి తిరుగవలెను, జారవలెను, అయినను ఊగరాదు.

కొయ్య స్వభావము ఈ పనిని మరింత కఠినము చేయును. కొయ్య నిలువున దాదాపు కుదించుకొనదు గాని అడ్డమున ఎండినకొలది తగ్గును, వానకాలమున ఉబ్బును. అడ్డమునందును అన్ని దిక్కుల ఒకే రీతి కాదు. పెరుగుదల వలయముల వెంబడి తగ్గుదల, నడిబొడ్డునుండి అంచునకు పోవు దిక్కున తగ్గుదలకంటె రమారమి రెట్టింపు. కావున నేడు చక్కని గుండ్రముగా తీర్చిన పచ్చికొయ్య కడియము కొన్నాళ్లకు కోడిగ్రుడ్డు ఆకారము పొందును. పనితెలిసినవాడు కడియములను ముందు మందముగా తీసి, నెలల తరబడి నీడను ఆరనిచ్చి, అవి వంకర తిరుగదలచినంత తిరిగిన పిదప రెండవమారు తరిమెనకెక్కించి సరిచేయును. అంకెల చోట్లు నిర్ణయించుటకు మాత్రము ఒక సుళువు కలదు. కడియపు వ్యాసము ఏడు సెంటీమీటర్లయినచో చుట్టుకొలత ఇంచుమించు ఇరువది రెండు. కాగితపు పట్టీ చుట్టి పది పాళ్లు చేసినచో ఒక్కొక్క అంకెకు రెండు సెంటీమీటర్లకు పైబడి చోటు దొరకును.

ఇక ప్రశ్నకు రావలెను. పది అంకెల కడియములు ఐదు కలిసినచో లక్ష కూర్పులగును. ఒక్కొక్క కూర్పును పరీక్షించుటకు ఐదు సెకండ్లు పట్టినను, అన్నిటిని చూచుటకు నూట ముప్పది తొమ్మిది గంటలు కావలెను. ఇది విన్నవాడు పెట్టె భద్రమైనదని తలంచును. కాని చేతివ్రేళ్లకు ఓర్పు గలవాడు లక్ష జోలికి పోనేపోడు. అతడు లోపలి గొట్టమును మెల్లగా వెలికి లాగుచు కడియములను ఒక్కొక్కటిగ త్రిప్పును. ఐదు చీలలును వెంట్రుకవాసియైనను తేడాలేక ఒకే వరుసలో నుండుట మానవసాధ్యము కాదు; ఏదో యొక చీల మిగిలినవానికంటె ముందుగా గోడకు ఆనును. ఆ కడియము బిగువుగా తిరుగును. దానినే పట్టుకొని త్రిప్పగా, గాటు ఎదురైనచోట లోపలి గొట్టము పిసరంత కదలును. అంతట రెండవ కడియము బిగియును. ఈ రీతిని ఒక్కొక్క కడియమునకు పది, మొత్తము ఏబది ప్రయత్నములు చాలును. లక్ష ఎక్కడ, ఏబది ఎక్కడ! లెక్కలో లేని లోపము చేతిపనిలో నున్నది.

కొయ్యపెట్టెను ఇంత శ్రమపడి తెరువనేల, సుత్తితో ఒక దెబ్బ చాలదా యని అడుగవచ్చును. చాలును. కొయ్యపెట్టె దొంగను ఆపునని దానిని చేసినవాడును చెప్పడు. కాని పగిలిన పెట్టె సాక్ష్యము చెప్పును. యజమాని మరునాడు వచ్చి చూచి, ఇంటిలో జరిగినదానిని తెలిసికొనును. వ్రేళ్లతో తెరచినవాడు మరల యథాప్రకారము మూసిపోవును, సాక్ష్యము లేదు, చదువబడిన ఉత్తరము చదువబడనట్లే యుండును. ఆ పెట్టె కాపాడునది వస్తువును కాదని దీనివలన తేలుచున్నది. నమ్మకము చెడినదా లేదా యను సంగతిని తెలియజేయుటయే దాని పని. సుత్తికి ఓడిపోవుట దానికి తలవంపు కాదు గాని, సాక్షిగా నుండి మౌనము వహించుట తలవంపే.

కావున పెట్టె నీతి అంతయు కడియపు లోపలి ముఖమునందున్నది. పైముఖమునకు నునుపు, లక్క, నగిషీ ఎన్నియైన పెట్టవచ్చును. కొనువాడు చూచునది దానినే. లోపలి పల్లము సమముగ నున్నదా, ఐదు చీలల ఎత్తు ఒక్కటియేనా యని కొనువాడు ఎన్నడును చూడడు, చూడలేడు. కాయకమును కూలికొఱకైన శ్రమగ మాత్రమే తలపని కుటుంబములవారికి ఈ స్థితిని విప్పి చెప్పనక్కరలేదు. కంటికి కనబడని పనిలో చేసిన అశ్రద్ధ ఇచ్చట పరుల వ్రేళ్లకు కనబడును. యజమాని ఎవ్వరికిని చెప్పని సంఖ్యను పనివాని అశ్రద్ధయే అందరికి చెప్పివేయును.

ఈ లోపమును కప్పిపుచ్చుటకు తాళములు చేయువారు పూర్వమే ఒక ఉపాయము కనిపెట్టిరి. నిజమైన గాటుతోపాటు ప్రతి కడియమునకు రెండు మూడు లోతు తక్కువ గాట్లు కోయుదురు. చీల వానిలో పడి గాటు దొరకినట్లే తోచును. తెరువబోయినవాడు ఆ కడియమును వదలి తరువాతిదానిని పట్టును. అంతలో మార్గము తప్పును. వీనిని దొంగ గాట్లనవచ్చును. రహస్యము అసత్యముగ మారునది ఇచ్చటనే. ఇంతవరకు పెట్టె మౌనముగ నుండినది. ఇప్పుడది ‘ఇదియే’ యని పలుకుచున్నది, ఆ పలుకు అబద్ధము.

కొయ్య పలికిన అబద్ధము అబద్ధమేనా? దొంగ గాటును సమర్థించువారి వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. సంఖ్య తెలిసిన యజమాని లోపలి గొట్టమును లాగుచు కడియములను త్రిప్పడు. ముందు అంకెలు కూర్చి, పిదప లాగును. అతనికి దొంగ గాటు ఎన్నడును ఎదురుపడదు. అది తారసిల్లునది అధికారము లేక లోపల వెదకువానికి మాత్రమే. మాటతో చెప్పు అబద్ధము అట్లు కాదు. ఒకని మోసగించుటకు చెప్పినది గాలిలో వ్యాపించి, చెప్పనక్కరలేని పదిమంది చెవుల పడును. చెప్పినవాని ఆలుబిడ్డలును దానినే నమ్మి దానిపై తమ పనులను కట్టుకొందురు. దొంగ గాటు తన చోటు కదలదు. ఈ భేదము నిజమైనది. హద్దు గల మోసము హద్దు లేని మోసముతో సమానము కాదు.

అయినను చిక్కు వేరొక చోట నున్నది. ఐదు చీలలను సమముగ నిలుపుటకు పూట పట్టును. దొంగ గాటు కోయుటకు క్షణము చాలును. కనుక దొంగ గాటునకు అలవాటుపడిన చేయి క్రమముగ చీలలను సరిచూచుట మానును. తప్పును దిద్దుటకు బదులు తప్పు చుట్టును మరికొన్ని తప్పులను పేర్చుట పనియగును. లోకములో అబద్ధమాడువారిలో పలువురు దుష్టులు కారు. తమ మౌనమును నిలుపుకొను నేర్పు లేనివారు. ‘చెప్పను’ అను ఒక్క మాటను తొట్రుపడక అనగలిగినచో వారికి దబ్బర అవసరమే లేదు. ఏ అంకెయొద్దను బిగియక, ఏ అంకెయొద్దను సడలక సమానముగ తిరుగు కడియము ఎట్టిదో, అడిగిన ప్రతి ప్రశ్నకు ఒకే ముఖముతో ‘చెప్పను’ అనగల మనుష్యుడును అట్టివాడే. ఏ ప్రశ్నయొద్ద ముఖము కందునో దానినిబట్టియే గదా ఎదుటివాడు గ్రహించునది!

దొంగ గాటు పూర్తి రక్షణ కాదనుటకు చరిత్రలో నిదర్శనము కలదు. అది కడియముల తాళము కాదు, తాళపుచెవితో తెరచునదే. కాని చేతిబిగువును బట్టి లోపలి సంగతి గ్రహించుట దానికిని వర్తించును. లండనులో బ్రామా వారు తమ దుకాణపు కిటికీలో ఒక తాళముంచి, దానిని చెవి లేక తెరచినవారికి రెండువందల గినీల బహుమానము ప్రకటించిరి. అనేక సంవత్సరములు ఎవ్వరివల్లను కాలేదు. బ్రామా తాళములో దొంగ గాట్లును కలవు. 1851లో అచ్చట జరిగిన మహాప్రదర్శన సందర్భమున అమెరికా దేశస్థుడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ దానిని చేపట్టి, పదునారు రోజులలో మొత్తము ఏబది యొక్క గంటలు శ్రమించి తెరచెను. దొంగ గాటులో పడిన చీలకును, నిజమైన గాటులో పడిన చీలకును గల భేదమును ఓర్పు గల చేయి కనిపెట్టగలదన్నమాట.

ఆ సంఘటన మరియొక వివాదమును లేవదీసెను. తాళపు లోపమును నలుగురిలో చాటుట దొంగలకు పాఠము చెప్పుట కాదా యని కొందరనిరి. 1853లో చార్లెస్ టామ్లిన్‌సన్ సంపాదకత్వమున వెలువడిన తాళముల గ్రంథము దీనికి బదులు చెప్పినది. దొంగలు తమ వృత్తిలో మనకంటె ముందున్నారనియు, లోపము తెలియక నష్టపోవునది తాళమును నమ్ముకొన్న మంచివారే యనియు దాని వాదము. ఇది సమంజసముగనే యున్నది. తన పెట్టె గుణదోషములను కొనువానికి చెప్పని పనివాడు దాచుచున్నది ఒక సంఖ్యను కాదు. అతడు రక్షణను గూర్చి ఒక భ్రమను అమ్ముచున్నాడు. కొయ్యపెట్టె సుత్తికి నిలువదని చెప్పి అమ్మవలెను. వానకాలమున బిగియునని చెప్పి అమ్మవలెను. చెప్పినందున కొనుట మానువారు కొందరుందురు.

పనివానికి సంఖ్య తెలియుట యను చిక్కును కలదు. గాటు కోయునప్పుడే అది ఏ అంకెకు ఎదురుగ నున్నదో అతడు ఎరుగును. ఊరిలో ఇరువది ఇండ్లకు పెట్టెలు చేసినవాడు ఇరువది ఇండ్ల సంఖ్యలను మనసున మోయును. మరచిపోదునని ప్రమాణము చేయుట వ్యర్థము. మరపు మన ఆజ్ఞకు లోబడునది కాదు. ఇందుకు కొందరు నేర్పరులు కడియమును రెండుగ చేయుదురు: లోపలి కడియమునకు గాటు, పై కడియమునకు అంకెలు. పెట్టె తెరచియున్నప్పుడు పై కడియమును విడదీసి యజమానియే తన ఇష్టమైన అంకె గాటునకు ఎదురగునట్లు అమర్చుకొనును. చేసినవాడు ఆ క్షణమునుండి పరాయివాడగును. పని రెట్టింపు, కూలి అంత కాదు. అయినను తన్ను నమ్మవలసిన అవసరమునే తొలగించువాడు, ‘నన్ను నమ్ముడు’ అని కోరువానికంటె గొప్ప ఉపకారము చేసినవాడు.

యజమాని ఒక్కనికే సంఖ్య తెలిసిన ఇంటి సంగతి ఇక చూడవలెను. పూర్వము పెట్టె తాళపుచెవులు అత్తగారి కొంగున ఉండెడివి. అవి కోడలి కొంగునకు మారిన దినమును ఇల్లంతయు చూచెడిది. మరల తీసికొనినను చూచెడిది. కావుననే తీసికొనుటకు వెనుదీసెడివారు. తాళపుచెవి ఒక సమయమున ఒకరి చేతనే యుండును, ఇచ్చినవారి చేయి ఖాళీయగును. సంఖ్య అట్టిది కాదు. చెప్పినవానికిని మిగులును, విన్నవానికిని చేరును. ఒకమారు చెప్పినదానిని తిరిగి పుచ్చుకొనుట లేదు. అంకెలు మార్చుకొనుట ఒక్కటే దారి. ఆ మార్పు ఎవ్వరికిని కనబడదు. భార్యకు సంఖ్య చెప్పి, మరునాడు మార్చి, చెప్పినవాని పేరు మాత్రము నిలుపుకొనవచ్చును. తాళపుచెవి కాలమున అపనమ్మకమునకు ఒక ముఖముండెడిది; సంఖ్యల కాలమున దానికి ముఖము లేదు. దొంగ గాటుకంటె ఇది హీనమైనది. దొంగ గాటు పరాయివానికి ఎదురగును, ఇది సొంతమనిషికి.

అంత మోసము లేని ఇండ్లలో సయితము ఒక నష్టము కలదు. సంఖ్యను ఎవ్వరికిని చెప్పని గృహస్థుడు హఠాత్తుగ గతించును. నేడు కొయ్యపెట్టె లేని ఇల్లైనను సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. భూమి పత్రముల ఛాయాచిత్రములు, అప్పుపత్రముల లెక్కలు, పిల్లల ఫీజుల రసీదులు అందే యుండును. బ్యాంకు ఖాతాకు నామినీ పేరు వ్రాయించిన గృహస్థుడే ఇంటిలో ఏయే ఖాతాలున్నవో భార్యకు చెప్పడు. అడిగినచో ‘ఆడవారికి ఎందుకు’ అనును. ఇది రహస్యమును కాపాడుట కాదు, తనతో కూడ దానిని దహించుటయో పూడ్చుటయో యగును. ఆ నవలలోని గొట్టమున ఒక వినెగరు బుడ్డి యుండును. బలవంతముగ తెరచినచో అది పగిలి లోపలి పత్రము కరగిపోవును. అది కథకు అందమే. సంసారమునకు అట్టి బుడ్డి ఎందుకు? అర్హత లేనివారికి చెప్పకుండుట యజమాని హక్కు. అర్హులెవ్వరో నిర్ణయింపక కాలము గడుపుట ఆ హక్కులోనిది కాదు. ఇంటి పెట్టె సంఖ్య ఇద్దరికైన తెలిసియుండవలెను, ఆ రెండవవారు ఇల్లాలైనచో అది వింత కాదు.

చెప్పక గతించినవాని కొయ్యపెట్టెను ఇంటివారు తరిమెన పనివానికడకు తెత్తురు. సుత్తి అతనికి అవసరము లేదు. పెట్టెను మరల తరిమెనకే ఎక్కించి, కొసనున్న బిళ్లను సన్నని ఉలితో కోసి తీసివేయును. కడియములను పట్టియుంచునది ఆ బిళ్లయే. అది పోయిన పిదప మొదటి కడియమును త్రిప్పుచు లాగగా, గాటు చీలకు ఎదురైనచోట ఊడివచ్చును. ఆ చోటున ఏ అంకె గుర్తునకు ఎదురుగ నున్నదో చూచి పనివాడు బొగ్గుముక్కతో బల్లపై వ్రాసికొనును. పిమ్మట రెండవది, మూడవది. ఐదవ కడియము ఊడునప్పటికి బల్లపై సంఖ్య యంతయు ఇంటివారి కన్నులయెదుట నుండును. కడియములు చెడవు. క్రొత్త బిళ్ల నొకదానిని తీసి అదికినచో పెట్టె మరల పనికివచ్చును. అంకెలను మార్చవలెనా, ఆ సంఖ్యనే ఉంచవలెనా యని పనివాడు అడుగును.